అత్తయ్య గుండెలో బొత్తాం

ఫోన్ మోగేసరికి నా రెండు చేతులకీ జెల్లు ఉంది. బల్ల మీద ఎడమ పక్కకి తిరిగి పడుకున్న ఒక పెద్దాయన ఛాతీ మీద ప్రోబు ఆనించి, ఆయన గుండె గదుల్ని తెర మీద కొలుస్తున్నాను. స్టూలు మీద ఫోన్ గిలగిల్లాడుతోంది. దాని మీద "ల్యాబు" అన్న పేరు కనిపించింది. మోచేత్తో నొక్కాను. స్పీకరు ఆన్ అయింది.

"మీ అత్తగారి రిపోర్టు మీద ఇప్పుడే సంతకం పెట్టాను," అంది ల్యాబు డాక్టరమ్మ. "మిక్సోమానే, గుండెలో పెరిగే మామూలు కణితి. క్యాన్సర్ కాదు. అంచుల దాకా చూశాను, కణితి మొత్తం వచ్చేసింది."

నేను థాంక్స్ అన్నానో, ఉత్త గాలి వదిలానో నాకే తెలియదు.

"అమ్మాయ్," అన్నాడు బల్ల మీది పెద్దాయన, "శుభవార్తే కదా? అయితే చెయ్యి కాస్త కుదురుగా పెట్టు తల్లీ. చక్కిలిగింతలు పెడుతోంది."

ఇద్దరం నవ్వాం. ఆయన కొలతలన్నీ పూర్తి చేసి, జెల్లు తుడిచి, చొక్కా అందించి, అప్పుడు పరిగెత్తాను. లిఫ్టు కోసం ఆగలేదు. నా గది మొదటి అంతస్తులో, అత్తయ్య వార్డు మూడో అంతస్తులో. మొదటి మలుపులో ఎవరూ లేరని చూసుకుని గుండ్రంగా ఒక చుట్టు తిరిగాను. రెండో అంతస్తులో మాత్రం ఒక తలుపు కొట్టి, ఒక్క నిమిషం మాట్లాడి, మళ్ళీ పరిగెత్తాను. ఆ నిమిషం సంగతి చివర్లో చెబుతాను.

అది రక్తపు గడ్డ కాదని ఐదు వారాలుగా నేను అంటూనే ఉన్నాను. "నీ పని కొలవడం, చెప్పడం కాదు" అన్నారు. సరే, కొలిచాను.

నాకు పెళ్ళయి మూడు నెలల పన్నెండు రోజులు. ఇలా రోజులతో సహా చెబితే మా ఆయన నవ్వుతారు కానీ, ఆ పన్నెండు రోజుల్నీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఆయన ఈత నేర్పే కోచ్. ఇంటికి రాగానే ఆయన దగ్గర క్లోరిన్ వాసన వస్తుంది. ఏ సెంటూ నాకంత బాగుండదు. ఆయన పెదవుల అంచున నువ్వుగింజల్లాంటి నల్లమచ్చలు ఉన్నాయి. పెళ్ళయిన మూడో రోజున లెక్కపెట్టాను, పదకొండు. "ఎండలో నిలబడి నిలబడి వచ్చినవిలే" అన్నారాయన. అత్తయ్యకీ అచ్చం అలాంటివే, పెదవుల మీదా, కంటి కొనలోనూ. అత్తయ్య ఏ రోజూ ఎండలో నిలబడే మనిషి కాదు. నేను ఆ సంగతి ఆలోచించలేదు. తల్లీ కొడుకుల ముఖాల మీద ఎవరో ఒకే కుంచె విదిలించారని మురిసిపోయి ఊరుకున్నాను.

అత్తయ్య దర్జీ. మామయ్య పోయిన దగ్గర్నుంచీ ఆ కుట్టుపనితోనే కొడుకుని పెంచింది. ముందుగదిలో, వీధి కిటికీ పక్కన, కాలితో తొక్కే మిషను. గోడ పొడుగునా గాజు సీసాల్లో బొత్తాలు, సైజుల వారీగా. నేను కాపురానికి వచ్చిన మొదటి ఆదివారమే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కోటుకి బొత్తాం కుట్టడం నేర్పింది.

"గుడ్డకి అతుక్కుపోయేలా కుట్టకు అమ్మాయ్. అగ్గిపుల్ల మందాన దారం వదులు ఉంచు. ఆ వదులు దారానికి నాలుగు చుట్లు చుట్టు. చూశావా, కాడ వచ్చింది. కాడ ఉంటేనే బొత్తాం ఊగుతుంది, కాజాలోకి దూరుతుంది."

నేను కుట్టిన బొత్తాం మొదటి లాగుకే ఊడి మంచం కిందికి దొర్లింది. "డాక్టర్ల దగ్గర పనిచేసే చేతులు ఇవా!" అని అత్తయ్య కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే మొదటిసారి ఆయాసం వచ్చింది.

ఆ తర్వాత నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూశాను. గుండెజబ్బు మనుషుల్ని రోజుకి ముప్ఫైమందిని చూసేదాన్ని. వాళ్ళు పడుకుంటే ఆయాసపడతారు, లేచి కూర్చుంటే తేరుకుంటారు. మా అత్తయ్య తలకిందులు. గుడ్డల మూట చంకన పెట్టుకుని మేడమెట్లు ఎక్కుతుంది, ఏమీ కాదు. మిషను ముందు వంగి పది నిమిషాలు కూర్చుంటే చాలు, ముఖం పాలిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు నేల మీద కుడిపక్కకి ఒరిగి, ఏ కోటునో తలకింద పెట్టుకుని పడుకుంటుంది. రెండు నిమిషాల్లో లేచి మళ్ళీ తొక్కుతుంది.

మేడ మీదావిడకి ఇది మంచి కాలక్షేపమైంది.

"కోడలొచ్చింది, అత్తగారికి ఆయాసమొచ్చింది," అంది మెట్ల మీద నిలబడి.

"అవునమ్మా," అంది అత్తయ్య పడుకున్న చోటి నుంచే. "నా కోడలు వచ్చాకే నాకు నవ్వడానికి తీరిక దొరికింది. నవ్వినకొద్దీ ఆయాసం. నీకెప్పుడూ రాదులే, భయపడకు."

అలా జోకుల్లో ఒక నెల గడిచింది. తర్వాత ఒక ఉదయం ఆవిడ ఎడమ చేతి ఉంగరం వేలు తెల్లబడి, చివర నీలంగా మారి, మంచుముక్కలా అయింది. సూది గుచ్చుకుంటే తెలియలేదు. ఆ వారంలోనే ఇంకో రోజు నన్ను కత్తెర అడగబోయి, మాట రాక, రెండు వేళ్ళు ఆడించి చూపించింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. పది నిమిషాల తర్వాత మాట వచ్చింది. "మాట మింగేశానే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గుండెలోంచి ఏదో చిన్న ముక్క ఊడి రక్తంలో కొట్టుకుపోతోంది. ఒకసారి వేలికి పోయింది, ఒకసారి తలకి పోయింది. మూడోసారి ఎంత పెద్ద ముక్కో, ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు?

మర్నాడే మా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ రెండు నియమాలు. సొంతవాళ్ళకి మనం ఎకో, అంటే గుండె స్కాను, తియ్యకూడదు. టెక్నీషియన్ కొలతలే రాయాలి, జబ్బు పేరు రాయకూడదు. అందుకని నా తోటి టెక్నీషియన్ తీసింది. చూసి చెప్పింది మా గుండె డాక్టరు. ఆయన్ని మేమంతా వెనకాల గడియారం గారు అంటాం. ఒక్కో రోగికి ఎనిమిది నిమిషాలు. తొమ్మిదో నిమిషానికి తలుపు దగ్గర నిలబడి గొంతు సవరిస్తాడు. రోజుకి అరవై ఎకోలు చూడాలి కాబట్టి, మేం ఆపి దాచిన బొమ్మల్ని వరసగా తిప్పుకుంటూ పోతాడు.

ఆ బొమ్మల్లో గుండె ఎడమ పైగదిలో, గోడకి ఆనుకుని, బూడిదరంగు ముద్ద ఒకటి ఉంది.

"రక్తపు గడ్డ," అన్నాడు గడియారం గారు.

"సార్," అన్నాను, "కవాటం బాగుంది. గుండె లయ తప్పలేదు. ఆ గదిలో రక్తం నిలవ ఉండే కారణమే లేదు. మరి గడ్డ ఎందుకు కడుతుంది?"

"కారణం చెప్పి కడుతుందా?"

"కణితేమో సార్. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే తగ్గుతోంది. ముక్కలు కూడా..."

"నీకు పెళ్ళయి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు దాటింది సార్."

"అదీ సంగతి. అత్తగారి మీద కొత్త ప్రేమ. దానికి మందు లేదు. ఆవిడకి మాత్రం ఉంది. రక్తం పలచబడే మాత్రలు రాశాను, మూడు నెలలు వాడండి, తర్వాత మళ్ళీ చూద్దాం." చేతి గడియారం చూసుకుని, తలుపు దగ్గర ఆగాడు. "చూడమ్మా, నువ్వు బాగా కొలుస్తావు. నీ పని కొలవడం, చెప్పడం కాదు."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

అత్తయ్య మాత్రలు వేసుకుంది. ఆయాసం తగ్గలేదు. కోటు చేతులు వదులైపోయేటంత చిక్కింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. ఇరవై మూడో రోజున మళ్ళీ మాట పోయింది, ఈసారి అరగంట. మాట తిరిగొచ్చాక నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నా చేతులు పోతే నేను పోయినట్టే. నువ్వు చూసి చెప్పు. మీ గడియారం సంగతి నాకొద్దు," అంది.

"నేను చూడకూడదు అత్తయ్యా. నియమం."

"నియమమా? నా గుండె నాది. నా కోడలు నాది. మధ్యలో వాడెవడు?"

మర్నాడు గడియారం గారు భోజనానికి వెళ్ళే వేళ చూసుకున్నాం. సరిగ్గా ఒంటిగంటకి వెళతాడు, ఒంటిగంట నలభైకి వస్తాడు. ఒంటిగంటా రెండు నిమిషాలకి అత్తయ్య నా గదిలో ఉంది, చేతిలో సంచీతో. మొదట బల్ల మీద పడుకోబెట్టి చూశాను. ముద్ద గోడకి ఆనుకుని, మా తోటి అమ్మాయి తీసిన బొమ్మలోలాగే, పెంపుడు పిల్లిలా బుద్ధిగా కూర్చుంది. ఎవరు చూసినా గడ్డే అంటారు.

"లేవండి," అన్నాను. "మిషను ముందు ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి."

స్టూలు ఎత్తు సరిచేశాను. అత్తయ్య సంచీలోంచి నల్లకోటు తీసి ఒళ్ళో వేసుకుంది. సూది, దారం, బొత్తాం.

"అదెందుకు?"

"చేతుల్లో పని లేకుండా నాకు వంగడం రాదు. నువ్వు నీ పని చూసుకో, నేను నా పని చూసుకుంటా."

ఆవిడ వంగి బొత్తాం కుడుతోంది. నేను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కోటు కిందుగా చెయ్యి పోనిచ్చి, పక్కటెముకల మధ్య ప్రోబు ఆనించి, మెడ విరిగేలా తెరకేసి చూస్తున్నాను. ఒక నిమిషం, ఏమీ లేదు. రెండో నిమిషంలో ముద్ద గోడని వదిలింది.

వదిలి, ఊగింది. రెండు పైగదుల మధ్యగోడ నుంచి సన్నటి కాడ ఒకటి సాగి కనిపించింది. ఆ కాడ చివర కోడిగుడ్డంత ముద్ద. కవాటం తెరుచుకున్నప్పుడల్లా అది అందులోకి జారుతోంది, దారికి అడ్డంపడుతోంది, కవాటం మూసుకునేసరికి వెనక్కి విసిరేసినట్టు వస్తోంది.

అత్తయ్య సూది ఆపి తెరకేసి చూసింది.

"దీని దుంపతెగ," అంది నెమ్మదిగా. "అది బొత్తాం కదే!"

"ఏంటీ?"

"అదిగో కాడ. ఊగుతోంది చూడు. కాజాలోకి దూరుతోంది, ఇవతలకి వస్తోంది. గడ్డ కట్టిన నెత్తురు నా బట్టల మీద ఎన్నిసార్లు చూళ్ళేదు, వేలు తెగినప్పుడల్లా చూశా. దానికి కాడ ఉంటుందా? ఇది కుట్టి ఉంది. ఎవరు కుట్టారోగానీ కాజాకన్నా పెద్ద బొత్తాం కుట్టారు, పనికిమాలిన వాళ్ళు."

ఆవిడ పెదవులు పాలిపోతున్నాయి. "పడుకోండి అత్తయ్యా, చాలు," అన్నాను.

"చాలదు. పూర్తిగా తియ్యి. మళ్ళీ మళ్ళీ కూర్చోను నేను."

నలభై గుండెచప్పుళ్ళ కదలికలు రికార్డు చేసి, పట్టుకుని కుడిపక్కకి పడుకోబెట్టాను. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. ఒంటిగంటా పంతొమ్మిది. జీవితంలో మొదటిసారి గడియారం గారు ముందుగా వచ్చాడు.

"ఇక్కడేం జరుగుతోంది?"

"కోటు కుడుతున్నానండీ," అంది అత్తయ్య బల్ల మీద నుంచి, చేతిలో సూదితోనే.

"ఈవిడ మీ అత్తగారు కదా? సొంతవాళ్ళకి తియ్యకూడదని తెలియదా నీకు?"

"తెలుసు సార్. తీశాను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా మీద ఏం రాసుకుంటారో రాసుకోండి. ఉద్యోగం తీసేస్తారా, తీసేయండి. ముందు ఇది చూడండి. ఆపి చూడొద్దు. నడిపించి చూడండి."

"నువ్వు నాకు చెబుతున్నావా?"

"చెబుతున్నాను సార్. కొలిచి చెబుతున్నాను. నాలుగున్నర సెంటీమీటర్ల పొడుగు. కాడ ఎనిమిది మిల్లీమీటర్లు. నిన్న అరగంట ఈవిడకి మాట లేదు. ఇంకా రెండు నెలలు ఆగితే నాకు మిగిలేవి మీ మాత్రల ఖాళీ అట్టలే."

అంత మాట ఎలా వచ్చిందో. ఆయన ముఖం ఎర్రబడింది. తలుపు వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడియారం గారు ఆ గదిలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. రికార్డు నడిపించాను. ముద్ద ఊగింది, దూరింది, వెనక్కొచ్చింది. "మళ్ళీ," అన్నాడు. నాలుగుసార్లు చూశాడు. స్టెతస్కోపు తీసి అత్తయ్యని మళ్ళీ కూర్చోబెట్టి విన్నాడు, కళ్ళు మూసుకుని, చాలాసేపు.

"ధబ్‌మని పడుతోంది," అన్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇది రెండోసారి వినడం." స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "అమ్మా, నేను ఆపిన బొమ్మ చూసి చెప్పాను. తప్పు నాది."

"ఎనిమిది నిమిషాల్లో కోటుకి చెయ్యి కూడా అతకలేం బాబూ," అంది అత్తయ్య. కోపంగా అనలేదు.

సర్జన్ మేడమ్‌కి ఆయనే ఫోన్ చేశాడు. నోట్లోంచి గొట్టం వేసి తీసే ఎకో ఆ సాయంత్రమే ఆయనే దగ్గరుండి చేయించాడు. కాడ, ముద్ద, మధ్యగోడ అన్నీ అద్దంలో కనిపించినట్టు కనిపించాయి. నాకు మెమో కూడా ఆయనే ఇచ్చాడు, సొంతవాళ్ళకి ఎకో తీసినందుకు. మా ఆయన దాన్ని పడకగది గోడకి అంటించారు. పొద్దున లేవగానే అదే కనిపిస్తుంది, నాకు ఎంత గర్వమో.

రక్తం పలచబడే మాత్రలు ఆపించి మూడో రోజున ఆపరేషన్ అన్నారు. ముందురోజు సర్జన్ మేడమ్ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కావు. కణితి స్వభావం మంచిదే, ఉన్న చోటే మంచిది కాదు. వదిలేస్తే ఏదో ఒక రోజు కవాటంలో ఇరుక్కుంటుంది, లేదా పెద్ద ముక్క మెదడుకి పోతుంది. కాడతో సహా, అది అంటుకున్న గోడ కూడా కొంచెం కోసి తీసేస్తాను. ఆ కన్నానికి మాసిక వేస్తాను."

"మాసికా?" అత్తయ్య లేచి కూర్చోబోయింది. "ఏ కుట్టు వేస్తారు?"

"వరసకుట్టు. చివర ముడి."

"ఎన్ని ముళ్ళు?"

"ఆరు."

"ఆరైతే సరే. నాలుగన్నారంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు."

మేడమ్ నవ్వింది. నవ్వుతూనే టార్చి వేసి అత్తయ్య పెదవుల్ని, కంటి కొనల్ని దగ్గరగా చూసింది. "ఈ మచ్చలు పుట్టుకతో వచ్చినవా? చాలామందికి ఈ కణితి ఒక్కసారి వచ్చి పోయేదే. కొద్ది కుటుంబాల్లో మాత్రం తల్లి నుంచి బిడ్డలకి వస్తుంది. వాళ్ళకి ఇలాంటి మచ్చలుంటాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?"

నేను పక్కనే నిలబడ్డ మా ఆయన పెదవుల కేసి చూశాను. పదకొండు. మూడో రోజున ఎంత ముద్దుగా లెక్కపెట్టానో. ఆయన గోడకి జరిగారు.

"నేను రోజుకి మూడు వేల మీటర్లు ఈదుతాను," అన్నారు.

"ఈదండి. ఒక ఎకో కూడా తీయించుకోండి," అంది మేడమ్.

"అమ్మ సంగతి తేలనివ్వండి. క్యాన్సర్ కాదని తేలాక నా సంగతి చూద్దాం."

ఆపరేషన్ బాగా జరిగింది. అత్తయ్య కళ్ళు తెరిచి, నోట్లో గొట్టం తీయగానే అడిగిన మొదటి మాట, "మాసిక ముడత పడకుండా వచ్చిందా?" ఆ ఎనిమిది రోజుల్లో మా ఆయన ఆపిల్ పళ్ళు కోసి ఇచ్చారు, వార్డులో అందరికీ ఊపిరి పీల్చే పాఠాలు చెప్పారు, నా గది ఉన్న అంతస్తుకి మాత్రం దిగలేదు. లిఫ్టులో కూడా కింది బటన్ నొక్కితే నా అంతస్తు దాటేదాకా ఊపిరి బిగబట్టేవారు.

అందుకే ఇవాళ పరిగెత్తాను.

మూడో అంతస్తులో, కిటికీ పక్క మంచం మీద, అత్తయ్య ఛాతీకి దిండు అదుముకుని కూర్చుని, ఆసుపత్రి గౌను అంచు కుట్టు విప్పుతోంది. ఆయన బ్రెడ్డుకి వెన్న రాస్తున్నారు.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు? చేతులు ఎత్తొద్దన్నారు కదా!"

"ఎత్తొద్దన్నారు. సూది పట్టొద్దనలేదు. ఈ కుట్టు చూడు, సిగ్గులేకుండా ఎలా వేశారో."

"రిపోర్టు వచ్చింది," అన్నాను. ఆయాసం వల్ల మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "క్యాన్సర్ కాదు. మొత్తం వచ్చేసింది. ఒక్క ముక్క మిగల్లేదు."

ఆయన వెన్న కత్తి కింద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. భుజాలు కదిలాయి. నేను వెళ్ళి ఆ తల నా పొట్టకి ఆనించుకున్నాను. నా కోటు మీది జెల్లు మరకంతా ఆయన జుట్టుకి అంటింది.

"కాదని నాకు తెలుసు," అంది అత్తయ్య, కళ్ళు ఒత్తుకుంటూ. "అంత తెలివే ఉంటే అది దర్జీ గుండెలో బొత్తాంలా ఊగుతుందా? ఇట్టే దొరికిపోయింది."

ఆయన తలెత్తి నవ్వారు. "హమ్మయ్య, అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది కోచ్ గారూ?" అన్నాను. "అమ్మ సంగతి తేలాక నా సంగతి అన్నారు. తేలింది."

"ఇవాళ సంతోషంగా ఉండనివ్వవా నన్ను?"

"సంతోషంగానే అడుగుతున్నాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. చిన్నపిల్లాడి గొంతుతో అన్నారు. "కనిపిస్తే?"

ఎనిమిది రోజులుగా ఆ మాట ఆయన నోటి నుంచి రావాలనే చూస్తున్నాను.

"కనిపిస్తే కనిపిస్తుంది. దాని ముఖం నాకు తెలుసు. పడుకోబెట్టి చూస్తాం, కూర్చోబెట్టి చూస్తాం, కావాలంటే మీ కొలనులో దింపి చూస్తాం. చిన్నగా ఉండగానే పట్టుకుని కాడతో సహా పీకించేస్తాను. అత్తయ్య దగ్గర అది ముందు పుట్టింది, నేను తర్వాత వచ్చాను. మీ దగ్గర నేను ముందొచ్చాను. నన్ను దాటి అది పెరగాలి కదా, పెరగమనండి చూద్దాం. కనిపించకపోతే ఏడాదికొకసారి ఇలాగే చూస్తాం, మనం ముసలాళ్ళయ్యేదాకా. ఏడాదికొక పూట నా బల్ల మీద చొక్కా లేకుండా పడుకోవడం మీకంత కష్టమా?"

అత్తయ్య దగ్గింది. "నేనిక్కడే ఉన్నాను."

"మీరు దిండు గట్టిగా పట్టుకుని దగ్గండి అత్తయ్యా."

"నీకేం భయం లేదా?" అని అడిగారాయన.

"ఉంది. అందుకే పైకి వస్తూ రెండో అంతస్తులో గడియారం గారి తలుపు కొట్టాను. రేపు ప్రోబు ఆయనే పట్టుకుంటానన్నారు. నన్ను పక్కన నిలబడమన్నారు, చూసింది చూసినట్టు చెప్పమన్నారు. ఎన్ని నిమిషాలు సార్ అంటే, రేపు గడియారం ఇంట్లో పెట్టి వస్తానన్నారు. మీరందరూ నన్నేమంటారో నాకు తెలుసులే అని కూడా అన్నారు."

ఆయన నవ్వకుండా ఉండలేకపోయారు. తర్వాత నా చెయ్యి తీసుకుని, "ఒక షరతు," అన్నారు. "మూడు నెలలుగా కొలనులో మొదటి మెట్టు దాటలేదు నువ్వు. నేను నీ బల్ల ఎక్కుతాను. నువ్వు నా నీళ్ళలోకి దిగాలి."

నీళ్ళంటే నాకు చచ్చేంత భయం. అది ఆయనకి తెలుసు.

"మెడ దాకా దిగుతాను," అన్నాను.

"మెడ దాకానా?"

"ముందు నడుము దాకా. తర్వాత మెడ. మాట ఇచ్చాక ఎందుకు బెదిరిస్తారు?"

అత్తయ్య విప్పిన గౌను అంచు సాపు చేసి, సూదిలో దారం ఎక్కించి, ఇక తీర్పు చెబుతున్నట్టు మా ఇద్దరికేసి చూసింది.

"వినండి ఇద్దరూ. రేపు పొద్దున ఎనిమిదింటికి కింద బల్ల. తొమ్మిదింటికి ఇద్దరూ ఇక్కడికొచ్చి నా ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాలి, నాకు దాచారో ఊరుకోను. సాయంత్రం నాలుగింటికి కొలను. ఒరేయ్, రేపు నీలం చొక్కా వేసుకో. దాని బొత్తాలు నేను కుట్టినవి, గబగబా విప్పినా ఒక్కటీ ఊడదు."